నటన, గోల్ఫు – ఆడవారి వృత్తి జీవితం: ఒక పరిశీలన

సినిమా నటనకూ, గోల్ఫు ఆటకూ పొత్తు ఏమిటని ఈ సంచిక తిరగేసే మిత్రులకు సందేహం కలగవచ్చు. మొదటిది మనందరికీ చిన్ననాటి నుండి తెలిసినదే. రెండవది మనలో చాలామంది కంటితో చూడనైనా చూడని ఆట. అయినా ఒక్క విషయంలో ఈ రెండూ ఒకటే. రెండింటిలోనూ ఒకటో తారీఖున జీతం రాదు. ముందు ఏండ్ల తరబడి పెట్టుబడి పెట్టాలి. తరువాత ఫలితం వస్తే వస్తుంది, రాకపోతే లేదు. వ్యవసాయ కుటుంబం నుండి వచ్చిన నాకు ఈ లెక్క కొత్తది కాదు. వానకాలం, యాసంగి అని పేర్లు మారతాయి గాని, మా ఇంట్లో పుట్టినప్పటి నుండి చూస్తున్నది ఇదే లెక్క.

ఈ రెండు రంగాలలో పేరు తెచ్చుకున్న స్త్రీలు ఎట్లా ప్రవేశించారు, మొదటి ఏండ్లు ఎవరి ఆసరాతో గడిపారు, సంపాదన ఏ పద్ధతిన వచ్చింది, పేరు తగ్గిన నాడు ఏ ఆధారంతో నిలబడ్డారు అనే నాలుగు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. వారి అందచందాల గురించి, సొంత జీవితాల గురించి పత్రికలు కావలసినంత రాశాయి. ఆ జోలికి నేను పోవడం లేదు.

పరిశీలనకు పద్ధతి

సైన్సు విద్యార్థులుగా మనం మొదట ఒక జాగ్రత్త తీసుకోవాలి. గెలిచిన వారిని మాత్రమే చూసి "కష్టపడితే గెలుపు తప్పదు" అని తేల్చడం శాస్త్రీయం కాదు. మా ఊరికి దగ్గరలోనే, పటాన్‌చెరులో, 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఉంది. అక్కడ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పరిశోధన జరుగుతుంది. పంటల ప్రయోగంలో బాగా పండిన మడి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోరు. ఎండిన మడినీ, తెగులు తగిలిన మడినీ రాసుకుంటారు. ఒకే నేల, ఒకే నీరు ఇచ్చి విత్తనం మార్చి చూస్తారు, లేదా విత్తనం ఒకటే ఉంచి నీరు మార్చి చూస్తారు. అప్పుడే తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

మనుషుల జీవితాలతో అట్లా ప్రయోగం చేయలేము. అయితే ఒకే కాలంలో, ఒకే రంగంలో, ఇంచుమించు సమాన ప్రతిభతో ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. గెలుపుకూ ఓటమికీ మధ్య తేడా ఎంతో అంకెలలో తెలిసినచోట ఆ అంకెను పట్టుకొని ఆలోచించవచ్చు. మొదటి దానికి తెలుగు సినిమా, రెండవ దానికి గోల్ఫు నాకు పనికివచ్చాయి.

ప్రవేశం: తలుపు ఎవరు తీశారు?

నటనలో స్త్రీల ప్రవేశం గురించి చెప్పుకునేటప్పుడు సురభి వారితో మొదలుపెట్టడం న్యాయం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఈ నాటక సమాజాల కుటుంబాలలో కొన్ని ఇప్పుడు మనకు దగ్గరనే, లింగంపల్లి ప్రాంతంలోని సురభి కాలనీలో ఉంటున్నాయి. ఇతర సమాజాలలో ఆడ వేషాలు మగవారు కట్టే రోజులలోనే సురభిలో ఆడవారి పాత్రలు ఆడవారే వేశారు. కారణం సులభంగానే అర్థమవుతుంది. అక్కడ నాటకం ఇంటిల్లిపాది పని. తల్లి వేషం కడుతుంది, తండ్రి తెర లాగుతాడు, పిల్లలు ప్రహ్లాదుడో కృష్ణుడో అవుతారు. మా ఇండ్లలో ఆడపిల్ల కలుపు తీయడం ఎక్కడ నేర్చుకున్నదని ఎవరూ అడగరు. చేనులోనే పెరుగుతుంది గనుక అదే వస్తుంది. సురభి పిల్లలకు రంగస్థలం అటువంటిది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతి పాత్ర ధరించిన కమలాబాయి ఆ సురభి నుండి వచ్చినవారే. అంటే మన తొలి టాకీ నటి వట్టి అదృష్టం కొద్దీ వచ్చినవారు కాదు. ఆమె వెనుక దాదాపు 50 ఏండ్ల కుటుంబ వృత్తి ఉంది.

భానుమతి గారు ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో 1925లో పుట్టారు. ఆమెకు తలుపు తీసినది సంగీతం. తండ్రి దగ్గర నేర్చుకున్న పాటతో 1939లో "వర విక్రయం" చిత్రంలోకి వచ్చారు. అప్పటికి ఆమె వయసు 14 లోపే. సావిత్రి గారిది గుంటూరు జిల్లా చిర్రావూరు. ఆమె నాట్యం, నాటకం ద్వారా మద్రాసు చేరారు. 1950లో "సంసారం"లో కథానాయిక వేషం చేతి దాకా వచ్చి జారిపోయింది. చిన్న వేషంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత "పాతాళభైరవి" (1951)లో ఒక నృత్యం, ఆ వెనుక 1953లో "దేవదాసు".

ఇక గోల్ఫు సంగతి. ఆట తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు చెబుతాను. పచ్చిక మైదానంలో 18 గుంతలు ఉంటాయి. చిన్న బంతిని కర్రతో కొడుతూ, వీలైనన్ని తక్కువ దెబ్బలలో ఒక్కొక్క గుంతలో వేయాలి. తక్కువ దెబ్బలు కొట్టినవారు గెలిచినట్టు. కర్రను క్లబ్బు అంటారు. ఆటగత్తె వెంట 14 వరకు క్లబ్బులు ఉండవచ్చు. ఆ సంచి మోసి, సలహా చెప్పే మనిషిని క్యాడీ అంటారు. పూర్తి మైదానానికి నూరెకరాలకు పైబడి భూమి కావాలి. మా నాయన ఈ మాట విని "నూరెకరాలల్ల గడ్డి పెంచుతరా!" అని చాలాసేపు నవ్విండు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర, బొల్లారంలో, గచ్చిబౌలి వైపు ఇటువంటి మైదానాలు ఉన్నాయి. మా చుట్టుపక్కల ఊర్ల ఆడవాళ్ళు కొందరు నగరం అంచున ఒక మైదానంలో గడ్డి పనికి పోయి వస్తుంటారు. ఏ గుంత దగ్గర నేల ఎటు వాలుతుందో వారికి బాగా తెలుసు. క్లబ్బు చేతపట్టే సందర్భం మాత్రం వారికి రాదు. ప్రవేశం అనే మాటకు అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

తెలుగు నేల నుండి ప్రపంచ స్థాయి మహిళా గోల్ఫు క్రీడాకారిణిని ఉదాహరణగా చూపడం కష్టం గనుక, పొరుగున ఉన్న బెంగళూరుకు పోదాం. అదితి అశోక్ 1998లో పుట్టింది. అయిదేండ్ల వయసులో కర్ణాటక గోల్ఫు సంఘం మైదానంలో ఆట మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె తల్లిదండ్రులకు ఆ ఆట రాదు. కూతురితోపాటు వారూ నేర్చుకున్నారు. మైదానం ఊర్లోనే ఉండడం, లోపలికి పోనిచ్చే వీలుండడం, తల్లిదండ్రులకు తీరిక ఉండడం అనే మూడూ ఒకచోట కలిశాయి. ఆమె ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. విత్తనం ఎంత మంచిదైనా నేల మీద పడితేనే కదా మొలిచేది.

పెట్టుబడి, రాబడి

గోల్ఫులో వృత్తి క్రీడాకారిణి కావాలంటే మొదట అర్హత పోటీలు గెలవాలి. అందులో పై వరుసలో నిలిచినవారికి ఆ ఏడాది పోటీలలో ఆడే హక్కు దొరుకుతుంది. సాధారణంగా ఒక పోటీ మూడు రోజులో నాలుగు రోజులో జరుగుతుంది. నాలుగు రోజుల పోటీలో రెండు రోజులు కాగానే దాదాపు సగం మందిని ఇంటికి పంపిస్తారు. దీనిని "కట్" అంటారు. కట్ దాటనివారికి సాధారణంగా బహుమతి సొమ్ములో పైసా రాదు. విమానం ఖర్చు, బస ఖర్చు, క్యాడీకి ఇవ్వవలసినది మాత్రం ఎవరి సొమ్ము వారే పెట్టుకోవాలి. సీజను చివర స్థానం దిగజారితే మళ్ళీ అర్హత పోటీల దాకా పోవాలి. వాన కురవకపోయినా కౌలు కట్టవలసిన రైతు పరిస్థితికీ దీనికీ తేడా ఏమైనా ఉన్నదా?

అదితి 17వ ఏట, 2015 చివరలో, యూరప్ మహిళల పర్యటన పోటీల అర్హత పరీక్షలో మొదటి స్థానం పొందింది. 2016 మొదటి నుండి వృత్తి క్రీడాకారిణి అయింది. ఆ నవంబరులో గుర్‌గావ్‌లో జరిగిన మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచి, యూరప్ పర్యటనలో టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. 2017 నుండి అమెరికా పోటీలలో ఆడుతున్నది. 2016 రియో ఒలింపిక్సులో ఆమె సంచి మోసినది తండ్రి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మోసినది తల్లి. మొదటి పంటకు కూలీలను పెట్టుకోలేని ఇంట్లో అందరూ చేనులో దిగుతారు చూడండి, అట్లా అన్నమాట.

సినిమాలో రాబడి పద్ధతి కాలంతోపాటు మారింది. మొదట్లో పెద్ద స్టూడియోలు నటీనటులను నెల జీతం మీద పెట్టుకునేవి. తరువాత చిత్రానికి ఇంత అని ఒప్పందం వచ్చింది. జీతం తక్కువే అయినా నిలకడ ఉండేది. ఒప్పందంలో సొమ్ము ఎక్కువ, కాని వచ్చే ఏడాదికి భరోసా లేదు. కథానాయిక వేషాలకు వయసు పరిమితి ఒకటి ఉంది. మగ నటునికి 50 దాటినా నాయకుడి వేషం దొరుకుతుంది. అదే వయసు నటికి తల్లి వేషం ఇస్తారు. అంటే ఆమె చేతిలో ఉన్న పంటకాలం చిన్నది.

సొంత ఊర్లో మైదానం చాలనప్పుడు పరాయి చోటుకు పోవడం రెండు రంగాలలోనూ కనిపిస్తుంది. తెనాలిలో పుట్టిన శారద గారికి ఉత్తమ నటిగా మూడు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో మొదటి రెండు, "తులాభారం" (1968), "స్వయంవరం" (1972), మలయాళ చిత్రాలకు. మూడవది "నిమజ్జనం" (1978) తెలుగు చిత్రానికి. మన భాష ఆమెను గుర్తించకముందే కేరళ గుర్తించింది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఒకే చిత్రం, ఇద్దరు మహానటులు

1955లో విడుదలైన "మిస్సమ్మ" చిత్రానికి మొదట కథానాయికగా తీసుకున్నది భానుమతి గారిని. నిర్మాత చక్రపాణి గారితో అభిప్రాయ భేదం వచ్చి ఆమె తప్పుకున్నారు. రెండో పాత్రకు అనుకున్న సావిత్రి గారికి ఆ వేషం దక్కింది. ఆ రెండో పాత్ర జమున గారు ధరించారు. సావిత్రి గారి దశ అక్కడి నుండి తిరిగిందని సినిమా చరిత్ర రాసినవారు అంటారు. 1957లో "మాయాబజార్" వచ్చింది. అందులో శశిరేఖగానూ, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగానూ ఆమె చేసిన నటనను నేటి విద్యార్థులు కూడా చూసి ఆనందిస్తున్నారు.

నాకు ముఖ్యమనిపించిన ప్రశ్న వేరు. అంత పెద్ద వేషం వదులుకొని భానుమతి గారు ఎట్లా తట్టుకున్నారు? జవాబు ఆమె ఆస్తిలో, ఆమె పనులలో ఉంది. అప్పటికే భర్త రామకృష్ణ గారితో కలిసి భరణీ సంస్థను నెలకొల్పారు. మద్రాసులో సొంత స్టూడియో ఉంది. 1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి తీశారు. 1954లో "చక్రపాణి" చిత్రానికి సంగీతం సమకూర్చారు. పాట పాడేవారు, కథలు రాసేవారు. "అత్తగారి కథలు" చదవని తెలుగు ఇల్లు ఆ రోజులలో తక్కువ. ఒక్క వేషం పోతే ఆమె బతుకు ఆగిపోలేదు. 1939లో మొదలైన మనిషి 1984లో "మంగమ్మగారి మనవడు"లో అమ్మమ్మగా వచ్చి ఆ చిత్రాన్ని మోశారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005లో కన్నుమూశారు.

సావిత్రి గారు కూడా నటనతోనే ఆగలేదు. 1968లో "చిన్నారి పాపలు" చిత్రానికి దర్శకత్వం వహించారు. అందులో ముఖ్యమైన శాఖలలో స్త్రీలనే పెట్టుకొని పనిచేయడం ఆనాటికి సాహసం. తరువాత తమిళంలో "ప్రాప్తం" (1971) తానే నిర్మించి, దర్శకత్వం వహించారు. అది ఆర్థికంగా దెబ్బతీసింది. ఆస్తులు పోయాయి, ఆరోగ్యం పోయింది. 1981 డిసెంబరు 26న మరణించే నాటికి ఆమెకు 50 ఏండ్లు కూడా నిండలేదు.

ఇది ఎవరి గుణదోషాల మీదా తీర్పు కాదు. ఇద్దరి ప్రతిభకు తూకం వేయడమూ కాదు. ఇద్దరూ చిత్రాలు తీశారు, ఇద్దరూ దర్శకత్వం చేశారు. తేడా ఏమిటంటే ఒకరికి నటన పక్కన పాట, రచన, స్టూడియో అనే వేరు వేరు ఆధారాలు ఉన్నాయి. మరొకరు తన నటన ద్వారా వచ్చినదంతా అదే సినిమా మీద తిరిగి పెట్టారు. రైతు మాటల్లో చెప్పాలంటే, మొదటిది కందిలో జొన్న కలిపి వేసిన చేను. రెండవది ఉన్న భూమంతా ఒకే పంట వేసిన చేను. మంచి ఏడాది రెండవదే ఎక్కువ ఇస్తుంది. చెడ్డ ఏడాదిలో మొదటిది తిండి పెడుతుంది.

ఒక్క దెబ్బ తేడా

అంకెలతో మాట్లాడే ఉదాహరణ ఇప్పుడు చూద్దాం. టోక్యోలో నాలుగు రోజుల ఆట ముగిసేసరికి స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి నెల్లీ కోర్డా మొత్తం దెబ్బలు 267. రజత, కాంస్యాలు పొందిన ఇద్దరివి 268 చొప్పున. అదితివి 269. నాలుగో స్థానం. అప్పటికి ఆమె ప్రపంచ ర్యాంకు 200. నేను లెక్క కట్టి చూశాను: 269లో ఒకటి అంటే 0.37 శాతం. ప్రయోగశాలలో మనం చేసే టైట్రేషనులో ఇంతకంటే ఎక్కువ దోషం వచ్చినా అధ్యాపకులు రికార్డు మీద సంతకం చేస్తారు!

పతకం లెక్కలో 268కీ 269కీ మధ్య ఆకాశం, భూమి అంత దూరం. ఆట తెలివి లెక్కలో దూరమే లేదు. కాబట్టి ఒక్కరోజు ఫలితం చూసి మనిషి వృత్తిని కొలవరాదు. అదితి అక్కడితో ఆగలేదు. 2023లో కెన్యాలోనూ, స్పెయిన్‌లోనూ టైటిల్స్ గెలిచింది. అదే ఏడాది హాంగ్‌జౌ ఏషియన్ క్రీడలలో చివరి రోజుకు ముందు ఏడు దెబ్బల ఆధిక్యంతో ఉండి, చివరి రోజు వెనుకబడి రజతం పొందింది. చేతికొచ్చిన పంట కల్లంలో తడిసినట్టే అయింది. అయినా ఏషియన్ క్రీడల గోల్ఫులో పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెనే. 2024లో పారిస్ ఒలింపిక్సులోనూ ఆడింది.

ఒకరి గెలుపు తరువాత వచ్చేవారికి ఎట్లా దారి అవుతుందో కొరియా చూపింది. 1998లో 20 ఏండ్ల పాక్ సే-రి అమెరికా మహిళల ఓపెన్ గెలిచింది. అప్పటికి చిన్నపిల్ల అయిన ఇన్‌బీ పార్క్ ఆ గెలుపు చూసి ఆటలోకి వచ్చింది. 2008లో అదే అమెరికా ఓపెన్, 2016 రియోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. రియోలో కొరియా మహిళల జట్టుకు శిక్షకురాలు ఎవరనుకున్నారు? ఆ పాక్ సే-రియే.

ఇంకా వెనక్కి పోతే, అమెరికాలో 1950లో 13 మంది క్రీడాకారిణులు కలిసి మహిళల వృత్తి గోల్ఫు సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి ఎల్పీజీఏ. అందులో బేబ్ జహారియాస్ 1932 ఒలింపిక్సులో పరుగు, బల్లెం విసరడంలో స్వర్ణాలు గెలిచిన మనిషి. పోటీలు పెట్టడం, ప్రచారం చేయడం, లెక్కలు రాయడం మొదట్లో ఆటగత్తెలే చేసుకున్నారు. ఎవరో మైదానం ఇస్తారని కూర్చోలేదు. భానుమతి గారు స్టూడియో కట్టుకోవడం, వీరు సంఘం కట్టుకోవడం ఒకే ఆలోచన నుండి వచ్చిన పనులు.

మన జిల్లాకు తెలిసిన పేరు

మా ప్రాంతం మెదక్ పార్లమెంటు నియోజకవర్గంలో ఉంది. 2009లో మా పెద్దలు ఓటు వేసి గెలిపించిన ఎంపీ విజయశాంతి గారు. తెలుగులో ఆమె తొలి చిత్రం 1980లో వచ్చిన "కిలాడి కృష్ణుడు". దానికి దర్శకురాలు విజయనిర్మల గారు. ఒక స్త్రీ తీసిన చిత్రంతో ఇంకొక స్త్రీ తెలుగులో అడుగుపెట్టిందన్నమాట. విజయశాంతి గారు 1985లో "ప్రతిఘటన"తో, 1990లో పోలీసు అధికారిగా వేసిన "కర్తవ్యం"తో, కథానాయకుని పక్కన నిలబడే వేషం దాటి కథను తానే నడిపే స్థాయికి వచ్చారు. "కర్తవ్యం"కు జాతీయ పురస్కారం లభించింది. తరువాత రాజకీయాలలోకి వచ్చారు. 2025లో తెలంగాణ శాసనమండలి సభ్యురాలయ్యారు.

విజయనిర్మల గారు బాలనటిగా మొదలై, 1966లో "రంగులరాట్నం"తో తెలుగులో కథానాయికగా వచ్చి, 1973లో "మీనా"తో తెలుగు దర్శకురాలయ్యారు. నటిగా వేషాలు తగ్గే వయసు రాకముందే కెమెరా వెనుకకు పోయారు. 44 చిత్రాలు తీసిన దర్శకురాలిగా 2002లో గిన్నిస్ పుస్తకంలో పేరు నమోదయింది. 2019లో మరణించారు. రెండో పంటకు విత్తనం మొదటి పంట కోయకముందే సిద్ధం చేసుకున్న రైతు తెలివి ఇది.

మనకు పనికివచ్చే సంగతి

మాది పాశమైలారం. ఒకవైపు పారిశ్రామికవాడ షెడ్లు, మరొకవైపు మిగిలిన చేన్లు. మాకు రెండెకరాలు, ఒక బోరు. కూరగాయలు పండించి పటాన్‌చెరు మార్కెట్టుకు వేస్తాము. మా వాడలో ఆడవాళ్ళు చాలామంది ప్యాకింగు పనులకు షిఫ్టులలో పోతారు. నా వంటి బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థినులకు మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఎదురుగా కనిపించే దారి. దానిని నేను చిన్నచూపు చూడను. నెల తిరగగానే జీతం వచ్చే ఇంట్లో అప్పు కోసం అడ్తిదారు దగ్గర నిలబడవలసిన అవసరం ఉండదు.

కాని ఇంటర్ చదువుతున్న మా చెల్లెకు నాటకం అంటే ప్రాణం. బడిలో వేషం కడితే ఊరంతా చూడటానికి వచ్చేది. మొన్న నాయన అడిగిండు: "దాంట్ల నెలకెంతొస్తది బిడ్డా?" అమ్మ ఇంకొకటి అడిగింది: "పంటొచ్చేదాంక ఎట్ల బతుకుతరు?" ఈ రెండు ప్రశ్నలు చదువురానివారి ప్రశ్నలని కొట్టిపారేయడానికి లేదు. పైన చెప్పిన స్త్రీలందరి జీవితాలూ ఈ రెండు ప్రశ్నలకు జవాబులే. అందుకని వాటిని అయిదు ప్రశ్నలుగా విడదీసి కాగితం మీద రాశాను. ఏ వృత్తికైనా వీటిని వేసుకోవచ్చు.

1. ప్రవేశానికి తలుపు ఎక్కడుంది, అక్కడికి రోజూ పోయి రావడానికి వీలున్నదా? 

2. నేర్చుకునే కాలం ఎన్నేండ్లు, ఆ ఏండ్ల ఖర్చు ఎవరిది? 

3. రాబడి నెలసరియా, పనికింతయా, గెలిస్తేనేనా? 

4. పని చేసే వయసు ఎప్పటిదాకా? 

5. పక్కన వేసుకునే రెండో పంట ఏది?

మా చెల్లె విషయంలో జవాబులు రాస్తే ఇట్లా వచ్చాయి. తలుపు దూరంలో లేదు. లింగంపల్లి దాకా బస్సు ఉన్నది, అక్కడ నాటకం తెలిసినవారు ఉన్నారు. నేర్చుకునే కాలం కనీసం డిగ్రీ మూడేండ్లు. ఖర్చు బస్సు చార్జీ, సెలవు రోజు చేను పనికి ఒక మనిషి తక్కువ కావడం. రాబడి పనికింత. వయసు పరిమితి ఉన్నది. రెండో పంట డిగ్రీ చదువు. దానిని వదలరాదు. ఈ కాగితం చూసి నాయన అవుననలేదు, కాదనలేదు. "మనిషి తక్కువైతె ఆ కూలి లెక్క గూడ రాయి" అన్నడు. రాస్తున్నాను. కాదనడానికి ముందు లెక్క అడిగే తండ్రి ఉండడం కూడా ఒక ప్రవేశమే అని నా అభిప్రాయం.

తేలినది

ఈ పరిశీలనలో నాకు తేలినది ఇది. ప్రతిభ అవసరం, కాని ప్రతిభ ఒక్కటే నడిపించదు. కమలాబాయి గారి వెనుక సమాజం, భానుమతి గారి వెనుక సంగీతం, స్టూడియో, అదితి వెనుక మైదానం, తల్లిదండ్రులు, ఎల్పీజీఏ ఆటగత్తెల వెనుక వారే కట్టుకున్న సంఘం ఉన్నాయి. పంట రాని ఏండ్ల భారం ఎవరో ఒకరు పంచుకున్నచోటనే ఆడపిల్ల వృత్తిలో నిలబడింది. మన కళాశాలలో పాడే, ఆడే, వేషం కట్టే అమ్మాయిలకు కొరత లేదు. వార్షికోత్సవం మరునాడు వారి కళ ఏమవుతున్నదో మనమెవరమూ చూడడం లేదు.

అందుకని విద్యార్థి సంఘానికి మూడు మనవులు. ఒకటి, నాటక ప్రదర్శనకు వారం రోజుల ముందు హడావుడి కాకుండా ఏడాది పొడుగునా సాగే నాటక శాఖ కావాలి. సురభి కళాకారులను అప్పుడప్పుడు పిలిచి నేర్పించుకోవాలి. రెండు, ఆట మైదానంలో అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక గంట కేటాయించాలి. ఆ గంట ఊర్లకు పోయే చివరి బస్సు కంటే ముందే ముగియాలి. బస్సు తప్పుతుందనే భయంతోనే సగం మంది ఆట మానుతున్నారు. మూడు, పూర్వ విద్యార్థులను పిలిచినప్పుడు వారి విజయాల గురించి మాత్రమే గాక, మొదటి అయిదేండ్లు ఎట్లా గడిచాయో, ఎవరు ఆదుకున్నారో చెప్పించాలి. మాకు ఎక్కువ అక్కరకు వచ్చేది ఆ భాగమే.

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, తోటి మిత్రులు వచ్చే విద్యా సంవత్సరం మొదలుకాకముందే ఈ విషయమై ఆలోచిస్తారని ఆశిస్తూ ముగిస్తున్నాను.